పైన మనిషి కనబడిన రోజు

దుప్పట్లావిడ ఆ కాలుష్య నియంత్రణ ఆఫీసు మెట్లెక్కడం ఎన్నోసారో ఆవిడా లెక్కపెట్టడం మానేసింది, ఆఫీసూ మానేసింది. వచ్చిన ప్రతిసారీ చంకలో ఒక మూట ఉంటుంది. ఆఫీసరు బల్ల మీద కాగితాలు పక్కకు జరిపి, మూట విప్పి, ఒక తెల్లదుప్పటి పరుస్తుంది. దుప్పటి నిండా మిరియాలపొడి చల్లినట్టు నల్లటి చుక్కలు. "వేలితో రాసి చూడండి" అంటుంది. ఎవరూ రాయరు. చివరికి ఆవిడే రాసి, నల్లబడిన వేలు అందరికీ చూపించి, మళ్ళీ మూట కట్టుకుని వెళ్ళిపోతుంది.

ఆ సోమవారం మాత్రం వేలు చూపించలేదు. ఎవరూ కూర్చోమనకుండానే కుర్చీ లాక్కుని కూర్చుంది.

"నర్సింగ్ హోమ్ మేట్రనమ్మ ఆఖరిమాట చెప్పేసిందండీ. నేను ఉతికిన దుప్పట్లు ఇప్పటికి రెండుసార్లు తిప్పి పంపింది. ఇంకోసారి మసి కనబడితే మెషిన్ల వాళ్ళకి ఇచ్చేస్తానంది. మసి నా చేతిది కాదు, ఫ్యాక్టరీ పొగది అని ఈ ఆఫీసు నుంచి కాగితం తెస్తే ఆగుతానంది. నాకున్నది ఆ ఒక్క గిరాకీ. కాగితం ఇప్పించండి, ఇంక మీ గుమ్మం తొక్కను."

ఆఫీసరు మర్యాదస్తుడే. వయసులో చిన్నవాడు, తలనొప్పిలో పెద్దవాడు. "కాగితం నేను ఇస్తే వచ్చేది కాదమ్మా, కొలత ఇవ్వాలి" అన్నాడు. "పదకొండుసార్లు కొలిచాం. పదకొండుసార్లూ పరిమితి లోపలే ఉంది. రేపు పన్నెండోది. అదీ లోపలే వస్తే మీ ఫిర్యాదు ఆధారం లేనిదని రాసి ఫైలు మూసేస్తాం. మళ్ళీ తెరిపించడం నా చేతిలో ఉండదు."

"కొలిచేదెవరండీ?"

"మా వాళ్ళేనమ్మా."

ఆ 'మా వాళ్ళు' గది మూలలో, తలుపు వెనక బల్ల దగ్గర కూర్చుని, తన మోకాలు తానే నొక్కుకుంటున్నాడు. చిమ్నీల మీదికెక్కి, వాటిలోకి గొట్టం దూర్చి, పొగ పట్టి, అందులో బూడిద ఎంతుందో తూచడం ఆయన పని. ఆఫీసంతా ఆయన్ని గొట్టం మాస్టారంటారు. ఆ పిలుపులో గౌరవమెంతో వెక్కిరింపెంతో తూచే తక్కెడ మాత్రం ఆయన దగ్గర లేదు. పదవీ విరమణకు ఇంకా పది నెలలుంది. ఆ పది నెలలనూ ఆయన నెలల్లో కాదు, మెట్లలో లెక్కపెట్టుకుంటున్నాడు.

ఆవిడ వెళ్ళాక ఆఫీసరు తల పట్టుకుని అడిగాడు. "మాస్టారూ, మీరు పైకెక్కి చూసినవాళ్ళు. ఆవిడ చెప్పేది నిజమేనంటారా?"

మాస్టారు కాస్త ఆలోచించే జవాబిచ్చాడు. అబద్ధమాడే అలవాటు ఆయనకు లేదు. "పైనుంచి చూస్తే ఆవిడ పెరడు అరచేతిలో ఉన్నట్టుంటుంది సార్. నేనెక్కిన ప్రతిసారీ తీగల మీద దుప్పట్లు తెల్లగా మెరిసిపోతుంటాయి. ఒక్క మచ్చ ఉండదు. ఆ మచ్చల దుప్పటి ఎక్కణ్ణించి తెస్తుందో మరి, నాకైతే తెలీదు."

ఆఫీసరు ఆ మాట ఫైలు పక్కన, పెన్సిలుతో కాదు, పెన్నుతోనే రాసుకున్నాడు.

మంగళవారం ఉదయం పదింటికి ఆఫీసు జీపు ఫ్యాక్టరీ గేటు దగ్గర ఆగేసరికి అంతా పెళ్ళివారికి ఎదురుచూస్తున్నట్టు సిద్ధంగా ఉంది. ఉండదా మరి. కొలతకు వస్తున్నామని మూడు రోజుల ముందు ఉత్తరం పంపడం ఆఫీసు అలవాటు. చిమ్నీ పైన అరుగు మీదికి కరెంటు తీగ లాగాలి, సామాను పెట్టెను తాడుతో పైకి లాగడానికి ఇద్దరు మనుషులు కావాలి, ఇవన్నీ ముందు చెప్పకపోతే ఎలా కుదురుతాయని ఎప్పుడో ఎవరో అనుకున్నారు. అప్పట్నించీ ఉత్తరం వెళుతూనే ఉంది.

ఫ్యాక్టరీ మేనేజరు తుడిచిన హెల్మెట్ చేతికిచ్చి, టీ తెప్పించాడు. మాస్టారు చొక్కా మీద ఎర్ర రంగు చేతుల్లేని కోటు తొడుక్కున్నాడు. ఎత్తున పనిచేసేవాళ్ళు దూరానికి కనబడాలని ఇస్తారది. డ్రైవరు యథాప్రకారం జీపులోనే ఉండిపోయాడు. "ఆ మెట్లు చూస్తేనే నాకు కళ్ళు తిరుగుతాయి మాస్టారూ" అనడం, "తిరగనీ, నువ్వు మాత్రం తిరక్కు, ఇక్కడే ఉండు" అని ఈయన అనడం కూడా యథాప్రకారమే.

చిమ్నీ చుట్టూ నూట పన్నెండు ఇనుప మెట్లు. ముప్పై దాకా ఊపిరి మామూలుగా ఉంటుంది. అరవై దగ్గర ఎడమ మోకాలు పలుకుతుంది. తొంభై దగ్గర రెండూ మాట్లాడుకుంటాయి. అరుగు మీదికి చేరాక మాస్టారు చిమ్నీ గోడకున్న కొలత రంధ్రం మూత తీసి, దాని ఇనుప అంచు మీద చెయ్యి ఆనించి, రొప్పు తగ్గేదాకా నిలబడ్డాడు. ఎక్కిన ప్రతిసారీ అలాగే నిలబడతాడు. వెచ్చగా, మోకాళ్ళకు కాపడం పెట్టే గుడ్డలా ఉంటుందా అంచు.

తర్వాత పని. ముందుగా ఎండబెట్టి తూచి తెచ్చిన, గాజుపీచుతో చేసిన వేలెడంత తెల్లటి తొడుగును పటకారుతో తీసి గొట్టం చివర అమర్చాడు. గొట్టాన్ని పొగలోకి తోసి పంపు నడిపించాడు. అరగంట సేపు పంపు పొగను పీలుస్తుంది, తొడుగు బూడిదను ఆపుతుంది. ఈలోగా పొగ వేడి ఎంత, వేగం ఎంత చూసి కాగితం మీద ఒక్కో గడి నింపుతాడు. చెమటకు కళ్ళజోడు జారుతుంటే తీసి కమ్మీకున్న కొక్కేనికి తగిలించి, కాగితాన్ని దూరంగా పట్టుకుని రాశాడు.

అన్ని గళ్ళూ నిండాక మిగిలేది ఒకటే. కొలిచే వేళకు ఫ్యాక్టరీ ఎంత లోడు మీద, అంటే పూర్తిగానా సగమేనా, నడుస్తోందన్న గడి. అది పైనుంచి తెలిసేది కాదు. మాస్టారు కమ్మీ మీంచి తొంగి కిందికి కేకేశాడు.

"లోడెంతండీ?"

"ఫుల్లేనండీ" అన్నాడు కిందనుంచి మేనేజరు.

'పూర్తి' అని రాసుకున్నాడు. చిమ్నీ అవతల, ప్రహరీ గోడకు ఆనుకుని, దుప్పట్లావిడ పెరడు. ఎనిమిది తీగలు. ఎనిమిదింటి మీదా దుప్పట్లు ఎండకు కళ్ళు చెదిరేలా తెల్లగా ఊగుతున్నాయి. "ఉన్నమాట అంటే నేను చెడ్డవాణ్ణవుతాను" అనుకుంటూ మాస్టారు దిగడం మొదలుపెట్టాడు. దిగడం ఎక్కడంకంటే కష్టం.

సాయంత్రం ఇంట్లో భార్య వేడినీళ్ళలో ముంచిన గుడ్డ మోకాళ్ళ మీద వేస్తూ మొహంలోకి చూసింది.

"కళ్ళజోడేదండీ?"

మాస్టారు జేబు తడుముకున్నాడు, తల తడుముకున్నాడు, ఆఖరికి కొక్కెం గుర్తొచ్చింది.

"పైనే ఉండిపోయింది."

"మెడకి తాడు కట్టుకోమని ఎన్నిసార్లు చెప్పాను?"

"ఆఫీసు కట్టింది చాలదా?"

ఆవిడ నవ్వలేదు. గుడ్డ పిండుతూ, "ఆ దుప్పట్ల మనిషి సంగతేమైంది" అని అడిగింది. ఆయన చెప్పాడు. తెల్లదుప్పట్ల సంగతీ చెప్పాడు. ఆవిడ అంతా విని, "మీరు ఆవిణ్ణి కొండమీంచి చూసినట్టు చూస్తున్నారు. ఒక్కసారి పక్కన నిలబడి అడిగారా?" అంది. ఆయన మోకాలు నొప్పని మూలిగి మాట తప్పించాడు.

జోడు లేకపోతే తూకం అంకెలు కనబడవు, శుక్రవారానికి నివేదిక అందాలి. బుధవారం పొద్దున్నే మాస్టారు తన స్కూటరు మీద ఫ్యాక్టరీకి వెళ్ళాడు. గేటు దగ్గర కాపలా మనిషి ఎరిగినవాడే. "జోడు పైన మర్చిపోయానయ్యా" అంటే, "మేనేజరుగారింకా రాలేదండీ, మీరు వెళ్ళి తెచ్చుకోండి" అన్నాడు. ఎర్రకోటు లేదు, హెల్మెట్ లేదు, టీ లేదు. ఆవరణలో నడుస్తుంటే చెవుల్లో హోరు. నిన్న ఇంత చప్పుడు లేదే అనుకున్నాడు కానీ, వయసు మీద పడ్డాక రోజుకో రకంగా వినబడుతుందిలే అని సరిపెట్టుకున్నాడు.

పదో మెట్టు దగ్గర కమ్మీ పట్టుకున్న చేతిని చూసుకున్నాడు. అరచెయ్యి నల్లగా ఉంది. నిన్న దిగాక ఒక్క మరకా లేక, కడుక్కోకుండానే టీ గ్లాసు పట్టుకున్న చెయ్యది.

నూట పన్నెండూ ఎక్కి, అలవాటు చొప్పున మూత అంచు మీద చెయ్యి ఆనించాడు. ఆనించినవాడు అరిచి లాక్కున్నాడు. నాలుగు వేళ్ళూ చుర్రుమన్నాయి. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటారు, అక్కడ పట్టుకోవడానికి ఆకులు కూడా లేవు. వేళ్ళు నోట్లో పెట్టుకుని పైకి చూశాడు. నిన్న సన్నగా, పల్చగా పోయిన పొగ ఇవాళ దూది ఏకుతున్నట్టు దట్టంగా, నల్లగా లేస్తోంది. కిందికి చూశాడు. ఉన్న రెండు బాయిలర్లలో ఒకదాని దగ్గర నిన్న మనుషులు పనిలేక తీరిగ్గా నిలబడి ఉన్నారు. ఇవాళ రెండింటి నోళ్ళలోకీ బొగ్గు పోతోంది.

కొక్కేనికి వేలాడుతున్న కళ్ళజోడు తీశాడు. ఒక్క రోజుకే అద్దాలు మసకబారాయి. చొక్కా చెంగుతో తుడిస్తే చొక్కా నల్లబడింది. జోడు పెట్టుకుని గోడ అవతలికి చూశాడు. ఎనిమిది తీగలూ ఖాళీ. ఒక్క దుప్పటి లేదు.

మాస్టారు మెట్లు దిగి, స్కూటరు వైపు కాక ఆ పెరటి వైపు నడిచాడు.

ప్రహరీ చుట్టూ తిరిగి వెళ్ళేసరికి దుప్పట్లావిడ వాకిట్లో గంగాళం తోముతోంది. ఈయన్ని పోల్చుకుంది. "మీరు ఆ ఆఫీసులో తలుపెనక కూర్చునే అన్నయ్య కదూ" అంది.

"అవునమ్మా. ఇవాళ ఎండ బాగుంది కదా, బట్టలు ఆరెయ్యలేదేం?"

"రండి, చూద్దురు గాని."

ఒకటే గది. గోడ నుంచి గోడకు తాళ్ళు, తాళ్ళ నిండా తడి దుప్పట్లు, నడుమ ఫ్యాన్ ఒకటి ఆయాసపడుతూ తిరుగుతోంది. వంగి నడవాలి. ముక్కిపోయిన వాసన. మంచం కూడా దుప్పట్ల కిందే ఉంది.

"ఇలాగైతే రెండు రోజులకీ ఆరవు, కంపు కొడతాయి. కంపు కొడుతున్నాయని మేట్రనమ్మ ఒకసారి తిప్పి పంపింది. బయటేస్తే మసి. మసని ఇంకోసారి పంపింది. ముందు నుయ్యి, వెనక గొయ్యి."

"నిన్న బయటే ఆరేశావు కదమ్మా. తెల్లగా ఉన్నాయి కూడాను."

"నిన్న పైన మనిషి ఉన్నాడుగా."

"పైన మనిషెవరమ్మా?"

"చిమ్నీ మీద ఎర్రకోటు మనిషి ఒకాయన కనబడతాడు అన్నయ్యా, ఎప్పుడో నాలుగు నెలలకో ఆరు నెలలకో. ఆయన పైన కనబడిన రోజు మసి పడదు. పొద్దున్నుంచే పొగ తగ్గిపోతుంది. అందుకని ఆయన కనబడగానే ఉన్న తెల్లబట్టలన్నీ బయటేసేస్తాను. ఇరుగుపొరుగుకి కూడా చెబుతా, ఆరేసుకోండమ్మా, పైన మనిషొచ్చాడని. ఎవరో గానీ ధర్మాత్ముడు, ఆయనొచ్చినప్పుడల్లా పొగ ఆపించి పోతాడు. రోజూ రాకూడదా అనుకుంటాను."

మాస్టారు కాలిన వేళ్ళను గుప్పిట్లో దాచుకున్నాడు. ఆ మనిషి నేనేనని చెప్పాలి. ఆవిడ మంచినీళ్ళు ఇస్తే తాగి, గ్లాసు మీద పడ్డ నల్లటి వేలిముద్రలు తానే కడిగి పెట్టి, వచ్చేశాడు.

గురువారమంతా తూకం గదిలో గడిచింది. తేమ పీల్చే గుళికలున్న గాజుపాత్రలోంచి తొడుగును పటకారుతో తీసి, తక్కెడ పళ్ళెంలో పెట్టి, అద్దం తలుపు మూసి, అంకె నిలిచేదాకా ఊపిరి బిగబట్టాడు. పరిమితి ఘనపు మీటరు పొగకు యాభై మిల్లీగ్రాముల బూడిద. లెక్కగడితే వచ్చింది ముప్పై ఎనిమిది. తక్కెడ తప్పు చెప్పలేదు. పట్టిన పొగ అంతే, ఉన్న బూడిద అంతే.

బీరువాలోంచి పాత కాగితాలు పదకొండూ తీసి బల్ల మీద వరసగా పరిచాడు. దుప్పట్లావిడ దుప్పటి పరిచినట్టే అనిపించింది ఆయనకు. అన్నీ తన దస్తూరీయే. పొగ వేగం సెకనుకు ఆరు మీటర్లు, ఆరున్నర, ఆరు, ఏడు. వేడి తొంభై, తొంభై రెండు, ఎనభై ఎనిమిది. ఫ్యాక్టరీకి మొదట్లో ఇచ్చిన అనుమతి పత్రం కూడా తీశాడు. రెండు బాయిలర్లూ నడిచేటప్పుడు వేగం పదమూడు, వేడి నూట యాభై అని అందులో అచ్చువేసి ఉంది. ఆ పత్రం అదే బీరువాలో, అదే అరలో ఇన్నేళ్ళూ ఉంది. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూస్తే చిన్నపిల్లలైనా చెబుతారు. పెట్టాలని ఆయనకు తోచలేదు. లోడు గడి ఉంది కదా, అందులో 'పూర్తి' అని ఉంది కదా, అది అడిగి రాసేదే కదా.

పన్నెండుసార్లు అడిగాడు. పన్నెండుసార్లూ దొంగనే అడిగాడు, దొంగతనం జరిగిందా బాబూ అని.

లంచం తీసుకోలేదు. టీ తప్ప ఏమీ ముట్టలేదు. ఆ మాట తనకు తాను రెండుమూడుసార్లు చెప్పుకున్నాడు, ఏమీ హాయి కలగలేదు. డబ్బు తిన్నవాడికైనా తానేం చేస్తున్నాడో తెలిసుంటుంది. తనకు అదీ తెలియదు. పైగా ఆవిడ తెల్లదుప్పట్లను ఆవిడ మీదే సాక్ష్యంగా చెప్పాడు. కాసేపు కళ్ళజోడు తీసి పక్కన పెట్టేశాడు.

పన్నెండో కాగితం మీద 'పూర్తి' అన్న మాటను ఒక్క గీతతో కొట్టేసి, సంతకం చేసి, పక్కన రాశాడు. 'సగం. ఒక బాయిలరు ఆపి ఉంది. గత పదకొండు కొలతల్లోనూ వేగం, వేడి ఇంతే. అప్పటి లోడు నేను స్వయంగా చూసి రాసింది కాదు.'

శుక్రవారం ఆఫీసరు ఆ వాక్యాన్ని రెండుసార్లు చదివి తలుపు వేయించాడు.

"మాస్టారూ, ఇది పైకి పంపితే మొట్టమొదట అడిగేది ఫ్యాక్టరీని కాదు, మిమ్మల్ని. ఇన్నేళ్ళూ ఏం చేస్తున్నావని అడుగుతారు."

"అడగనివ్వండి సార్. నేనూ అదే అడుగుతున్నాను."

"పది నెలల్లో పెన్షన్ కాగితాలు కదలాలి. విచారణ ఉంటే కదలవు. ఇంట్లో చెప్పారా?"

"చెప్పాను."

"ఏమన్నారు?"

"మోకాళ్ళెలాగూ కదలవు, కాగితాలూ ఆగనివ్వండి అంది."

ఆఫీసరు నవ్వబోయి మానుకున్నాడు. పాత కాగితాలు తిరగేశాడు. పదకొండింటిలో ఆరింటి మీద మాస్టారు సంతకం కింద ఆయన సంతకమూ ఉంది. ఎవరినీ తిట్టలేదు. ఆ మొహంలో కోపం కంటే అలసటే ఎక్కువ కనబడింది.

"సగం లోడని మీరు రాస్తే, వారంలోపు మళ్ళీ కొలవాలి, అది రూలు" అన్నాడు చివరికి. "ముందుగా ఉత్తరం పంపాలన్నది మాత్రం రూల్లో లేదు. నేనొచ్చిన కొత్తలో వెతికాను. అలవాటట, అంతే."

"మరి అప్పుడెందుకు ఊరుకున్నారు సార్?"

"మీరెందుకు ఊరుకున్నారో అందుకే."

రెండు కాగితాలు టైపు చేయించాడు. ఒకటి, ముందు చెప్పకుండా మళ్ళీ కొలవమని ఆదేశం. రెండోది, పదకొండు నివేదికల మీద సంజాయిషీ ఇమ్మని మాస్టారికి మెమో. రెండూ ఒకేసారి చేతిలో పెట్టాడు. మాస్టారు రెండింటికీ ముట్టినట్టు సంతకం చేశాడు. తలుపు దాకా వెళ్ళి వెనక్కి తిరిగాడు.

"సోమవారం నేనన్న మాట ఫైల్లో రాసుకున్నారు కదా సార్. అది కొట్టెయ్యకండి. కింద ఇంకో ముక్క చేర్చండి. దుప్పట్లు తెల్లగా ఉన్నది నేను పైనున్న రోజుల్లోనే అని."

శనివారం పదకొండు గంటలకు జీపు గేటు దగ్గర ఆగితే కాపలా మనిషి కంగారుపడ్డాడు. మేనేజరు పరిగెత్తుకొచ్చాడు.

"ఉత్తరం రాలేదండీ. తాడు లాగేవాళ్ళు లేరు, పైకి కరెంటు లేదు. ఒక్క అరగంట కూర్చోండి, టీ తాగేలోపు అన్నీ ఏర్పాటు చేయిస్తాను."

"బ్యాటరీ పంపు తెచ్చుకున్నామండీ. అరగంట మాత్రం కూర్చోను. ఇప్పటికే చాలా ఏళ్ళు కూర్చున్నాను."

పైకి వెళ్ళేముందు మాస్టారు బాయిలర్ల దగ్గరికి నడిచి, రెండింటి కిటికీల్లోంచీ లోపల మంట చూశాడు. గడియారం చూసి టైము రాసుకున్నాడు. "నేను దిగేలోపు ఒకటి ఆపితే, ఎన్ని గంటలకు ఆగిందో పైన వేడే చెబుతుంది. అదీ రాస్తాను" అన్నాడు.

పెట్టెను విప్పి సామాను రెండు మూటలు చేశారు. ఒకటి మాస్టారి భుజాన. రెండోది చేతిలో పట్టుకుని డ్రైవరు మెట్ల కేసి చూశాడు.

"నువ్వు ఇక్కడే ఉండవయ్యా. నేను రెండుసార్లు ఎక్కుతాను" అన్నాడు మాస్టారు.

"మీ మోకాళ్ళతో రెండుసార్లా? పదండి. కళ్ళు మూసుకుని ఎక్కుతాను. మెట్లు మీరు లెక్కపెట్టండి, చాలు."

మాస్టారు ముప్పై దాకా బిగ్గరగా లెక్కపెట్టాడు. తర్వాత ఊపిరాడక గుసగుసగా లెక్కపెట్టాడు. నూట పన్నెండు అన్నాక డ్రైవరు అరుగు మీద చతికిలబడి, కమ్మీని కౌగిలించుకుని, అప్పుడు కళ్ళు తెరిచాడు. తెరిచి వెంటనే మూసుకున్నాడు.

మందపాటి చేతితొడుగు వేసుకుని మాస్టారు మూత తీశాడు. వేడి నూట నలభై ఆరు. వేగం పన్నెండున్నర. తెల్లటి తొడుగు అమర్చి గొట్టం లోపలికి తోశాడు. పంపు మోత మొదలైంది.

అప్పుడు గోడ అవతల తలుపు తెరుచుకుంది. పైన ఎర్రకోటు కనబడినట్టుంది, దుప్పట్లావిడ పెద్ద బకెట్టుతో గబగబా పెరట్లోకి వచ్చింది. పక్కింటి వైపు తిరిగి ఏదో కేకేసింది కూడా. మొదటి దుప్పటి దులిపి తీగ మీద పరిచింది.

మాస్టారు రెండు చేతులూ అడ్డంగా ఊపాడు. "వద్దమ్మా, వద్దు" అన్నాడు. చిమ్నీ హోరులో ఆ మాట పక్కనున్న డ్రైవరుకే వినబడలేదు. ముందు చెప్పకుండా రావాలనుకున్నాడు కానీ, ఆవిడకు ముందు చెప్పాలని తోచలేదు. నర్సింగ్ హోమ్ దుప్పటి అది.

ఆవిడ రెండో దుప్పటి తీయబోతూ ఆగింది. అరచెయ్యి చాపి చూసుకుంది. మొదటి దుప్పటిని వేలితో రాసింది. తల పైకెత్తి పొగను చూసింది, పొగ కింద నిలబడిన ఎర్రకోటును చూసింది. ఊపడం మానేసి, మాస్టారు కళ్ళజోడు సరిచేసుకుని అలాగే నిలబడ్డాడు. ఇక్కడికి ఆవిడ మొహం కనబడదు. ఇన్నాళ్ళూ ధర్మాత్ముడన్న మనిషిని ఇప్పుడేమనుకుంటోందో తెలియదు.

కాసేపటికి ఆవిడ బకెట్టు ఎత్తి లోపల పెట్టి వచ్చింది. వచ్చి తీగ మీది దుప్పటిని తీయలేదు. మడతలు సర్ది, రెండు కొసలూ క్లిప్పులు పెట్టి బాగా సాగదీసి, పక్కనే కూర్చుంది. పక్కింటావిడ కూడా గోడ దగ్గరికి వచ్చి నిలబడింది.

అరగంట పంపు నడిచినంతసేపూ ఆవిడ కదల్లేదు. మాస్టారు పంపు ఆపి, గొట్టం బయటికి లాగి, తొడుగు తీశాడు. తెల్లగా పెట్టిన తొడుగు నల్లగా వచ్చింది. దాన్ని డబ్బాలో పెట్టి మూత బిగించి, కాగితం మోకాలి మీద పెట్టుకుని గళ్ళు ఒక్కొక్కటే నింపాడు. ఆఖరి గడి దగ్గర, అలవాటుగా కమ్మీ మీంచి వంగబోయి, ఆగాడు.

ఎవరినీ అడగకుండా 'పూర్తి' అని రాసుకున్నాడు. కింద తీగ మీద ఆ ఒక్క దుప్పటీ మసి పట్టుకుంటూ ఇంకా అలాగే ఉంది.